వెండి పేటికను తోమకుండా కాపాడుకోవడం: డెల్టా ఊళ్ల గ్రంథాలయాలకు ఒక మార్గదర్శి

మా గ్రంథాలయం పాత స్టాకు రిజిస్టరులో ఒక పద్దు ఉంది: "సన్మానపత్రము దాచు వెండి గొట్టము 1, తూకము 62 తులములు." పాత తులం 11.66 గ్రాములు. ఆ లెక్కన 723 గ్రాములు ఉండాలి. మూడేళ్ల కిందట మేం మళ్లీ తూస్తే 715 వచ్చింది. మూతలు రెండూ ఉన్నాయి, గొలుసు ఉంది, కాళ్లు నాలుగూ ఉన్నాయి. మరి ఎనిమిది గ్రాములు ఎటు పోయినట్టు? పాత త్రాసు తేడా కొంత ఉండొచ్చు. మిగతాదంతా ఏటా వార్షికోత్సవానికి ముందురోజు విభూతి పెట్టి తోమిన గుడ్డల్లోకే పోయిందని నా నమ్మకం. దానిమీది అక్షరాలు చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది. గుడ్డకు బాగా అందే చోట చెక్కిన పేరు సగం అరిగిపోయింది. మూత అంచు కింద, వేలు దూరని చోట ఉన్న అక్షరాలు మాత్రం నిన్న చెక్కినట్టున్నాయి.

అందుకని ఈ వ్యాసంలో వెండిని మెరిపించడం గురించి తక్కువా, తోమాల్సిన అవసరం రాకుండా దాచడం గురించి ఎక్కువా రాశాను. రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా, అటు భీమవరం, నరసాపురం దాకా పాత గ్రంథాలయాల్లో, బడుల్లో, చర్చిల్లో, పెద్ద ఇళ్లల్లో ఇలాంటివి ఏదో ఒక బీరువాలో ఉంటూనే ఉన్నాయి. సన్మానపత్రం పెట్టి ఇచ్చిన పేటికలు, శంకుస్థాపనకు వాడిన వెండి తాపీలు, పోటీల కప్పులు, ప్రభు భోజనపు గిన్నెలు, పన్నీరు బుడ్లు. నేను మా పేటికనే ఉదాహరణగా తీసుకుంటాను. అడుగు పొడవు గొట్టం, రెండు చివర్లా మూతలు, చుట్టూ నకాషీ పనిలో, అంటే రేకును ఉబ్బెత్తుగా కొట్టి తీర్చిన బొమ్మల్లో, కొబ్బరిచెట్లు, ఒక పడవ. లోపల ముఖమల్ గుడ్డ, అందులో చుట్టిన కాగితం.

నలుపు ఎక్కడి నుంచి వస్తుంది

వెండి ఇనుములా తుప్పు పట్టదు. గాలిలో ఉండే గంధకపు వాయువులతో, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిసి పైపైన సిల్వర్ సల్ఫైడ్ పొరగా మారుతుంది. మనం చూసే నలుపు అదే. ఆ వాయువు గాలిలో లేశమాత్రం ఉన్నా చాలు. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. డెల్టాలో దానికి కొదవేముంది? మురుగు కాలవలు, ఎండగట్టిన చేపల చెరువు అడుగు బురద, రొయ్యల చెరువు నల్లమట్టి, తూడు కుళ్లిన పంట బోదెలు. మా గ్రంథాలయం వెనక చెరువు ఎండగట్టిన ఏడాది రెండు నెలల్లో వచ్చిన నలుపు, మామూలుగా ఏడాదికి కూడా రాదు.

దీనికి తేమ తోడైతే పని ఇంకా వేగంగా సాగుతుంది. వానాకాలంలో మన దగ్గర గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి మరో బెడద. ఉప్పులోని క్లోరైడు వెండి మీద బూడిదరంగు మచ్చలు కడుతుంది, వెండిలో కలిపిన రాగిని ఆకుపచ్చగా చిలుము పట్టిస్తుంది. సాధారణంగా వాడే స్టెర్లింగ్ వెండిలో 92.5 శాతం వెండి, మిగతాది ఎక్కువగా రాగే. 1940కి ముందటి బ్రిటిష్ రూపాయి కరిగించి చేయించినవైతే 91.7 శాతం, ఎందుకంటే ఆ రూపాయిలో వెండి పాలు అంతే.

నలుపు ఒక్కసారిగా రాదు. ముందు లేత పసుపు, తర్వాత గోధుమ, ఆపైన ఊదా, నీలం ఛాయలు, చివరికి నలుపు. పసుపు దశలో ఉన్న పొర చాలా పల్చన. దాన్ని తీయడానికి పెద్దగా రుద్దక్కర్లేదు. నల్లబడేదాకా ఆగితే అంత ఎక్కువ వెండి ఆ పొరలోకి మారిపోయినట్టు, తోమితే అది గుడ్డకంటుకుని వెళ్లిపోతుంది. పొరతో పాటు కిందున్న మంచి వెండి కూడా కొంత గీసుకుపోతుంది.

ముట్టుకునే ముందు

చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. వేలిముద్ర వెండి మీద పడి వారం ఉంటే అక్కడే నల్లటి ముద్రగా దిగబడుతుంది, తర్వాత తోమినా పూర్తిగా పోదు. మా పేటిక అడుగున ఎవరిదో బొటనవేలి ముద్ర ఇప్పటికీ ఉంది. చేతులకు నైట్రైల్ గ్లౌజులు తొడుక్కోండి, మందుల షాపులో నీలం రంగువి దొరుకుతాయి. తెల్ల రబ్బరు గ్లౌజులు మాత్రం వద్దు, రబ్బరు గట్టిపడటానికి గంధకం కలుపుతారు. నూలు గ్లౌజులు నున్నటి వెండి మీద జారతాయి.

ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. మెడలో గొలుసు ఉంటే చొక్కాలోకి వేసుకోండి. బల్ల మీద మెత్తటి నూలు దుప్పటి పరిచి, వస్తువును దాని మీదికి దగ్గరగా ఉంచి పనిచేయండి. గొలుసు పట్టుకునో, మూత బొడిపె పట్టుకునో ఎత్తకూడదు. రెండు చేతులతో అడుగు నుంచి ఎత్తాలి. పాత అతుకులు పైకి బాగానే కనిపిస్తాయి, బరువు పడ్డప్పుడే ఊడతాయి.

ముందు రాసుకోండి, ఫొటోలు తీయండి

తొందరపడి ఇది వదిలేస్తారు. నిజానికి చిన్న గ్రంథాలయం చేయగల సంరక్షణలో సగం ఇదే.

బరువు గ్రాములో పదో వంతు దాకా చూపే త్రాసు కావాలి. వస్తువును బంగారం కొట్టుకు తీసుకెళ్లకండి, తెలిసిన షాపువాళ్లను అడిగి త్రాసునే గ్రంథాలయానికి తెప్పించండి. పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో రాయండి. తర్వాత సొట్టలు, పగుళ్లు, అతుకులు, ఎర్రగా రాగి బయటపడ్డ చోట్లు, పచ్చటి చిలుము, పాత పాలిష్ తాలూకు తెల్ల పొడి ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక రేఖాచిత్రం గీసి గుర్తులు పెట్టండి. బొమ్మ బాగా రానక్కర్లేదు.

చెక్కిన రాతను ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయాలి. "మ.రా.రా.శ్రీ" (మహారాజరాజశ్రీ అనే పాత గౌరవ సంబోధన) అని ఉంటే అలాగే, బండి ఱ ఉంటే బండి ఱ తోనే, పంక్తి ఎక్కడ విరిగితే అక్కడ గీత పెట్టి రాయండి. అరసున్నలను ప్రత్యేకంగా వెతకండి. మా పేటిక మీద నాకు మొదట ఒక్క అరసున్నా కనబడలేదు. భూతద్దం పెట్టి చూస్తే, గోటి చివరంత ఆ అర్ధవృత్తాల్లో పాత విభూతి గట్టిపడి పూడుకుపోయి ఉంది. కొన్నిచోట్ల అసలు గీతే అరిగిపోయి, ఆనవాలు మాత్రం మిగిలింది. అలాంటి అరిగిన రాత చదవడానికి గది చీకటి చేసి, టార్చిలైటును పక్క నుంచి ఏటవాలుగా వేయండి. పగటి వెలుగులో కనపడని గీతలు నీడలుగా తేలతాయి. ఫొటో కూడా అప్పుడే తీయాలి. మామూలు ఫొటోలో మీ ముఖమూ ఫ్యానూ వెండిలో కనిపిస్తుంటే చుట్టూ తెల్ల థర్మాకోల్ పలకలు నిలబెట్టండి.

తేదీ సంగతిలో ఒక జాగ్రత్త. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అరవై ఏళ్ల తేడా రావచ్చు. "ప్లవంగ" అంటే 1907-08 కావచ్చు, 1967-68 కావచ్చు. ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. చేసిన వారి ముద్ర ఉందేమో అడుగున, మూత లోపల చూడండి. మద్రాసులో 1849లో మొదలైన పి. ఓర్ అండ్ సన్స్ లాంటి కంపెనీలు ఇంగ్లీషులో పేరు కొట్టేవి. ఊళ్లో కంసాలి చేసినదైతే ఏ ముద్రా ఉండకపోవచ్చు, అంతమాత్రాన తక్కువది కాదు.

నంబరు వేయడానికి వస్తువు మీద గీయకండి, స్టిక్కరు అంటించకండి. ఉతికిన తెల్ల నూలు టేపుకి కాగితం చీటీ కట్టి, కాలికో గొలుసుకో వదులుగా ముడివేస్తే చాలు. చీటీ మీద పెన్సిలుతో రాయండి.

ఇంకో మాట. వందేళ్లు దాటిన ఇలాంటి కళావస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. కాబట్టి వయసు తెలిపే ఆధారం ఏది దొరికినా ఫైల్లో పెట్టండి.

ఇది వెండేనా?

జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్క కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు ఉంటాయి. అడుగున ఇ.పి.ఎన్.ఎస్. అని అక్షరాలుంటే అది జర్మన్ సిల్వర్ మీద వెండి పూత. పూత వస్తువును రెండుసార్లు గట్టిగా తోమితే ఉబ్బెత్తు చోట్ల పూత లేచిపోతుంది, మళ్లీ రాదు. గీటురాయి మీద గీయనివ్వకండి. హాల్‌మార్కింగ్ సెంటర్లలో ఉండే ఎక్స్‌రే మీటరు వస్తువును గీయకుండానే శాతం చెబుతుంది, కానీ అది పైపొరనే చదువుతుంది. పూత మీద పెడితే మంచి వెండి అనే చూపిస్తుంది.

నీళ్లలో ముంచి సాంద్రత కనుక్కునే పద్ధతి ఇంటర్నెట్‌లో కనిపిస్తుంది. మన నకాషీ వస్తువులకు అది అస్సలు పనికిరాదు. పల్చటి రేకు సొట్టపోకుండా కాళ్లలో, పిడుల్లో లక్క నింపుతారు. కాలు తేలిగ్గా తడితే బోలుగా కాక మొద్దుగా మోగిందంటే లోపల లక్క ఉన్నట్టే. అలాంటిదాన్ని నీళ్లలో ముంచకూడదు, వేడి తగలనివ్వకూడదు, ఎండలో పెట్టకూడదు.

శుభ్రం చేయాలా వద్దా

మా అటెండరుకీ నాకూ ఏటా జరిగే వాదన ఇది. "తోమకపోతే ఎలాగండీ? చూసినోళ్లు వెండో ఇనుమో తెలీక ఎల్లిపోతారు కదండీ, ఆయ్." ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే మేం ఒక ఒప్పందానికి వచ్చాం. పసుపు, గోధుమ ఛాయలుంటే ముట్టుకోం. రాత చదవలేనంత నల్లబడితే, లేక మచ్చలు పాకుతుంటే ఒకే ఒక్కసారి జాగ్రత్తగా తీసి, మళ్లీ రాకుండా దాస్తాం. నకాషీ పల్లాల్లోని నలుపు మాత్రం ఎప్పటికీ తీయం. ఆ నలుపు వల్లే కొబ్బరాకు ఈనెలు విడివిడిగా కనిపిస్తాయి, చేసిన కంసాలి కూడా చాలాసార్లు కావాలనే దాన్ని ఉంచుతాడు.

ముందు ఏవి వద్దో చెబుతాను. విభూతి, ముగ్గుపిండి, బూడిద, టూత్‌పేస్టు: వీటన్నిటిలో గీసే రేణువులుంటాయి. చింతపండు, నిమ్మకాయ: పులుపు రాగిని తినేస్తుంది, అతుకుల్లోకి దిగి తర్వాత పచ్చగా బయటికొస్తుంది. షాపుల్లో అమ్మే ముంచి తీసే ద్రావణాల్లో ఆమ్లం ఉంటుంది, దానికీ ఇదే అభ్యంతరం. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ల చిట్కా యూట్యూబులో చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అది పల్లాల్లోని నలుపును కూడా లాగేస్తుంది, తెల్లబారిన నిర్జీవమైన పైపొరను వదులుతుంది, అతుకుల్లోకి నీళ్లు పంపుతుంది. ఇంట్లో రోజూ వాడే గ్లాసుకి చేసుకుంటే చేసుకోండి, పాత పేటికకు వద్దు.

చేసే పద్ధతి ఇది.

1. మెత్తటి బొమ్మల కుంచెతో దుమ్ము దులపండి. కుంచె మెడకున్న రేకు వెండికి తగలకుండా దాని చుట్టూ టేపు చుట్టండి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా తర్వాత గీత పడుతుంది కాబట్టి దీనికి అరగంట పట్టినా పరవాలేదు.

2. ఎక్కడైనా పసుపుపచ్చని పారదర్శక పొర, చెక్కులు లేచినట్టు కనిపిస్తే అది పాత లక్కరు, అంటే నల్లబడకుండా పూసిన వార్నిష్ లాంటి పూత. అక్కడితో ఆపేయండి, అది నిపుణుల పని.

3. జిడ్డు ఉంటే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన దూదితో, కనపడని చోట ముందు పరీక్షించి తుడవండి. లక్క ఉన్న చోటుకు మాత్రం ఆల్కహాల్ చేరకూడదు, లక్క అందులో కరుగుతుంది.

4. రసాయనాల షాపులో ప్రెసిపిటేటెడ్ కాల్షియం కార్బొనేట్ అని అడగండి. చాలా మెత్తని సుద్దపొడి అది. బడి సుద్దముక్కలు నూరితే రాదు. డిస్టిల్డ్ వాటర్‌తో పల్చటి పెరుగులా కలపండి. బ్యాటరీ వాటర్ అని సీలు చేసి అమ్మేది పనికొస్తుంది, పక్కనే ఉండే బ్యాటరీ యాసిడ్ కాకుండా చూసుకోండి. బోరు నీళ్లు వద్దు, మన నీళ్లలో ఉప్పు ఎక్కువ.

5. వెదురు పుల్లకు దూది చుట్టి, ఆ ముద్దలో అద్ది, రూపాయి బిళ్లంత మేర మాత్రమే తీసుకుని మెల్లగా తిప్పండి. వేలితో నొక్కకండి, పుల్ల బరువే చాలు. దూది బూడిదరంగుకు మారగానే పారేసి కొత్తది చుట్టండి. మేం పేటిక ఒక పక్క పూర్తిచేసేసరికి బల్ల కింద నూటికి పైగా దూది పుల్లలు పోగయ్యాయి.

6. చెక్కిన అక్షరాల మీదికి వెళ్లకండి, చుట్టూ ఆగిపోండి.

7. డిస్టిల్డ్ వాటర్ అద్దిన కొత్త దూదితో పొడి అంతా తీసి, వెంటనే మెత్తటి పొడిగుడ్డతో అద్దండి. ఫ్యాను కింద ఒక పూట ఆరనివ్వండి.

లోపల బంగారు పూత ఉన్న గిన్నెలైతే, చర్చి గిన్నెలు చాలామటుకు అలాగే ఉంటాయి, లోపలికి సుద్ద తీసుకెళ్లవద్దు. పూత చాలా పల్చన. మెత్తటి గుడ్డతో తుడవడమే.

లోపలి కాగితాన్ని వేరు చేయండి

పేటికకూ సన్మానపత్రానికీ పొత్తు కుదరదు. వెండికి ఎంత పొడి గాలి ఉంటే అంత మంచిది. కాగితం మరీ ఎండితే పెళుసెక్కి విరుగుతుంది. పైగా పాత కాగితంలోని ఆమ్లం, ముఖమల్‌లోని రంగు, జిగురు వెండి లోపలి గోడను మచ్చలు చేస్తాయి.

బయటికి తీసే ప్రతి దశా ఫొటో తీయండి. చుట్ట బిగుసుకుని ఉంటే విప్పే ప్రయత్నం వద్దు, ఆమ్లంలేని కాగితపు గొట్టంలో వదులుగా పెట్టి విడిగా దాచండి. రెండింటికీ ఒకే నంబరు ఇచ్చి, చివర 1, 2 అని రాయండి. రేపు ఎవరికో కాగితం ఒక బీరువాలో, వెండి ఇంకో బీరువాలో కనబడితే అవి ఒక జంట అని తెలియాలి కదా. ముఖమల్‌ను పీకవద్దు. అదీ వస్తువులో భాగమే.

దాచడం

నేను చేసిన పొరపాటు ముందు చెప్పుకుంటాను. మొదటిసారి శుభ్రం చేశాక పేటికను తెల్లగుడ్డలో చుట్టి, గుడ్డ ఊడకుండా రెండు రబ్బరు బ్యాండ్లు వేశాను. ఐదు నెలల తర్వాత విప్పితే నున్నటి వెండి మీద అడ్డంగా రెండు నల్లటి చారలు. గుడ్డ మడతల మీదుగా కూడా రబ్బరులోని గంధకం లోపలికి చేరింది. కొబ్బరిచెట్ల మొదళ్ల మీదుగా పోయే ఒక చార ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మళ్లీ రుద్దడానికి నాకు మనసొప్పలేదు.

వెండి దగ్గరికి రానివ్వకూడని వాటి జాబితా అప్పుడే మా బీరువా తలుపుకి అంటించాను: రబ్బరు ఏ రూపంలోనైనా, ఉన్ని, ఫెల్టు, న్యూస్‌పేపరు, సెల్లో టేపు, షవర్ కర్టెన్ వాసన వచ్చే పీవీసీ కవర్లు, కొత్త ప్లైవుడ్, రంగు ఆరని అలమర, కలరా ఉండలు, కర్పూరం. బంగారం కొట్టువాళ్లు చుట్టి ఇచ్చే గులాబీరంగు పల్చటి కాగితం కూడా అందులో ఉంది, తేమ తగిలితే ఆ రంగు వెండికి దిగుతుంది. ఎర్ర ముఖమల్ పెట్టెలూ అంతే. పాత అసలు పెట్టె ఉంటే పారేయకండి, ఖాళీగా విడిగా ఉంచండి.

ఇప్పుడు పొరలు, లోపలి నుంచి బయటికి.

వెండికి తగిలే మొదటి పొర ఆమ్లంలేని టిష్యూ కాగితం. దొరక్కపోతే రంగు వేయని మల్లు గుడ్డ. గంజి పోయేదాకా వేడినీళ్లలో నాలుగైదుసార్లు సబ్బు లేకుండా ఉతికి ఆరేయండి. గొట్టం లోపల కూడా టిష్యూను ఉండలు చేసి వదులుగా నింపండి, సొట్టపోకుండా ఉంటుంది. మూతలు బిగించకుండా విడిగా చుట్టండి.

రెండో పొర యాంటీ టార్నిష్ గుడ్డ సంచి. అసలైనదైతే దారంలో సన్నని వెండి రేణువులుంటాయి, గాలిలోని గంధకాన్ని వస్తువు కన్నా ముందు అవే పట్టుకుంటాయి. ఈ పేరుతో అమ్మే సంచులు కొన్ని ఉత్త ముఖమల్. అనుమానముంటే మానేయండి, మిగతా పొరలు సరిగా ఉంటే ఇది లేకపోయినా నడుస్తుంది.

మూడో పొర పాలిథిన్ జిప్ కవరు, ఆహారపదార్థాలకు వాడే రకం. గాలి మెల్లగా నొక్కి తీసి మూయాలి. కవరు మీద ఫొటో, నంబరు అంటిస్తే ఎవరైనా అడిగినప్పుడు విప్పి చూపించే పని తప్పుతుంది.

నాలుగోది గట్టి మూత ఉన్న పాలీప్రొపిలిన్ డబ్బా. ఇందులో రెండు రకాల సంచులు పెట్టాలి. ఒకటి తేమ పీల్చడానికి సిలికా జెల్, రెండోది గంధకపు వాయువు పీల్చడానికి యాక్టివేటెడ్ బొగ్గు. బొగ్గు అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. దాన్ని కడిగి బాగా ఆరబెట్టి, పొడి రాలకుండా రెండు వరసల గుడ్డలో కుట్టండి. జిప్ కవరు పూర్తిగా గాలిని ఆపదు, మెల్లగా లోపలికీ బయటికీ పోతూనే ఉంటుంది, అందుకే చుట్టూ ఉన్న గాలి మంచిదై ఉండాలి.

సిలికా జెల్ కొనేటప్పుడు నీలం నుంచి గులాబీకి మారే రకం వద్దు. అందులోని కోబాల్ట్ క్లోరైడు ఆరోగ్యానికి మంచిది కాదు. నారింజ రకం తీసుకోండి. రంగుని మాత్రమే నమ్మక తూకం చూడండి. పొడిగా ఉన్నప్పుడు 100 గ్రాముల సంచి 115, 120 గ్రాములకు చేరితే తీసి, 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో మూడు నాలుగు గంటలు ఆరబెట్టి, గాజు సీసాలో చల్లార్చి మళ్లీ పెట్టండి. సంచి మీద పొడి తూకం, తేదీ రాసి ఉంచుకోవాలి. డబ్బాలో చిన్న డిజిటల్ తేమ మీటరు వేయండి. 40 శాతం లోపు ఉంటే నిశ్చింత. 50 దాటితే జెల్ పని అయిపోయినట్టే.

బయట ఇనుప బీరువా మేలు. కొత్తదైతే రంగు వాసన పోయేదాకా కొన్ని వారాలు తలుపులు తెరిచి ఉంచండి. ఏసీ గది ఉందని సంబరపడకండి. పగలు వేసి రాత్రి కట్టేసే ఏసీ వల్ల చల్లబడ్డ లోహం మీద రాత్రి తేమ గాలి తగిలి చెమటలా నీళ్లు పడతాయి. అలాంటి ఏసీ కన్నా డబ్బాలోని జెల్ నయం.

గుడ్డ మంచిదో కాదో తేల్చుకోవడం

మ్యూజియంలలో దీనికి ఆడీ పరీక్ష అని ఒకటి ఉంది. బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త పేరు మీద వచ్చింది. వెండి, రాగి, సీసపు రేకులను పరీక్షించాల్సిన వస్తువుతో కలిపి 60 డిగ్రీల వేడిలో, నిండు తేమలో 28 రోజులుంచి చూస్తారు. మనకు అంత సరంజామా లేదు కాబట్టి ముతక పద్ధతి ఒకటి.

బిగుతు మూత ఉన్న గాజు సీసాలు రెండు తీసుకోండి. కంసాలి దగ్గర మేలిమి వెండి రేకు కొనిపించి వేలి గోరంత ముక్కలు కత్తిరించి సుద్దతో మెరిసేలా తుడవండి. మొదటి సీసాలో అనుమానం ఉన్న గుడ్డ ముక్క, తడి దూది ఉన్న చిన్న మూత, దారానికి వేలాడే వెండి ముక్క. రెండో సీసాలో గుడ్డ తప్ప మిగతావన్నీ. రెండూ ఒకే వేడిచోట నెల ఉంచండి. మొదటిదానిలో రేకు రెండోదానికన్నా పసుపెక్కితే ఆ గుడ్డ బీరువాలోకి రాకూడదు. మేం మూడు రకాలు పెట్టి చూశాం. తెల్లగా, ముచ్చటగా ఉన్న ఒక ఫ్లానెల్ గుడ్డే అన్నిటికన్నా ముందు రేకును గోధుమరంగుకి తెచ్చింది.

అదే వెండి రేకు ముక్కను బీరువాలో పేటిక డబ్బా పక్కన వేలాడదీయండి, ఇంకోటి డబ్బా లోపల. మేం దాన్ని సాక్షి రేకు అంటాం. నెలకోసారి దాన్ని చూస్తే చాలు, పేటికను విప్పక్కర్లేదు. బయటి రేకు పసుపెక్కి లోపలిది తెల్లగా ఉందంటే డబ్బా పనిచేస్తున్నట్టు. లోపలిది కూడా మారితే బొగ్గు మార్చాలి.

ఏడాదిలో ఎప్పుడేం చేయాలి

సంక్రాంతి తర్వాత గాలి కాస్త పొడిగా ఉండే రోజుల్లో ఏడాదికోసారి విప్పి, తూచి, ఫొటో తీసి, పాతదానితో పోల్చండి. వానలు మొదలవకముందే జెల్ అంతా ఆరబెట్టుకోండి, తర్వాత నెలకోసారి తూకం చూడండి. దీపావళి రెండు మూడు రోజులు కిటికీలు మూయండి, బాణసంచా మందులో గంధకం ఉంటుంది. చుట్టుపక్కల చెరువు ఎండగడుతున్నారని తెలిస్తే బీరువా తెరవకండి.

వార్షికోత్సవానికి బయట పెట్టక తప్పదంటే ఒక్క పూట, గాజు మూత కింద. పూలదండ వేయడం, గంధం బొట్టు పెట్టడం, పక్కన హారతి ఇవ్వడం మర్యాదగా వారించండి. మా ప్రెసిడెంటు గారు మొదట చిన్నబుచ్చుకున్నారు. గంధం బొట్టు పెట్టిన చోట పాత గుండ్రటి మచ్చ భూతద్దంలో చూపిస్తే, మరుసటి ఏడాది మైకులో ఆయనే అందరికీ చెప్పారు.

వరద, తుఫాను

1986 ఆగస్టు గోదావరి వరదా, 1996 నవంబరు కోనసీమ తుఫానూ చూసినవాళ్లకు ఈ భాగం ఎందుకో చెప్పనక్కర్లేదు. డబ్బా కింది అరలో ఉండకూడదు. మేడ ఉంటే మేడమీద, లేకపోతే బీరువా పై అరలో, చిల్లుపడే కప్పు కింద కాకుండా. తుఫాను హెచ్చరిక రాగానే ఎవరు తాళం తీస్తారు, ఎవరింటికి చేరుస్తారు అన్నది ముందే రాసి ఉండాలి. ఇద్దరి పేర్లు రాయండి, ఒకరు ఊళ్లో లేకపోవచ్చు.

నీళ్లు చేరనే చేరితే, బురద ఆరనివ్వకండి. ఆరిన ఒండ్రుమట్టిని తుడిస్తే ఇసుకకాగితం పెట్టినట్టే. తడిగా ఉండగానే మంచినీళ్లు పైనుంచి మెల్లగా పోస్తూ కడిగి, చివరగా డిస్టిల్డ్ వాటర్ పోసి, గుడ్డతో అద్ది, ఫ్యాను గాలికి ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, లక్క సంగతి పైన చెప్పాను. లక్క ఉన్న కాళ్లను పోసే నీళ్లలో నానబెట్టకుండా తడిగుడ్డతో తుడవండి. నీళ్లు చేరిన కాగితాన్ని, ముఖమల్‌ను విడిగా చూడాలి.

మీ చేతిలో పని కానివి

పచ్చటి చిలుము మళ్లీ మళ్లీ వస్తుంటే, అతుకు ఊడితే, రేకు పగిలితే, పాత లక్కరు చెక్కులు లేస్తుంటే, లక్క బయటికి కారుతుంటే ఆగిపోండి. ఊరి కంసాలి మంచివాడే, కానీ ఆయన నేర్చిన పని పాతదాన్ని కొత్తగా చేయడం. టంకం పెట్టి, ఆమ్లంలో వేసి, మెరుగు పెట్టి తెస్తాడు. అక్షరాలు పోతాయి. మీ జిల్లా మ్యూజియం ద్వారా పురావస్తు శాఖను అడగండి. లక్నోలో సాంస్కృతిక ఆస్తుల సంరక్షణకు జాతీయ పరిశోధనశాల ఉంది, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో 1930 నుంచి రసాయన సంరక్షణశాల నడుస్తోంది. ఉత్తరం రాసేటప్పుడు ఫొటోలు, బరువు, రేఖాచిత్రం జతచేస్తే జవాబు త్వరగా వస్తుంది.

లక్కరు పూయించాలా అని చాలామంది అడుగుతారు. తరచూ బయట పెట్టే వస్తువుకు నిపుణులు పూస్తే మంచిదే. ఎక్కడైనా ఒక చిన్న చోట పూత అందకపోతే మాత్రం నలుపు అక్కడే దారిచేసుకుని పూత కిందికి పాకుతుంది. డబ్బాలో ఉండేదానికి అక్కర్లేదు.

వస్తువును ఎవరికైనా అప్పగించాల్సి వస్తే వాళ్ల ఎదుటే తూచి, అంకె రాసి, సంతకాలు తీసుకోండి. తిరిగి వచ్చిన రోజు కవరు విప్పి, ఇంకే పని పెట్టుకోకుండా, మళ్లీ తూచండి.